అరచెయ్యి ఉన్న ఇటుక

గొడుగు మనిషి మళ్ళీ వచ్చాడు.

ఎండా లేదు, వానా లేదు. అయినా నల్ల గొడుగు చంకలో ఇరికించుకుని, టికెట్టు కొనుక్కుని, గుంపుకి చివర నిలబడ్డాడు. గైడమ్మ చూడనట్టే చూసింది. మొన్న కూడా ఇలాగే వచ్చాడు. ఆవిడ ధాన్యపు కొట్ల గురించి చెబుతుంటే ఆవులించాడు. నీళ్ళ తొట్టి గురించి చెబుతుంటే చెప్పులోంచి రాయి దులుపుకున్నాడు. తూర్పు ద్వారం దగ్గరికి రాగానే మాత్రం నిద్రలోంచి లేచినవాడిలా అందరినీ తోసుకుని ముందుకొచ్చాడు.

పాత నగరం చూడడానికి వచ్చేవాళ్ళలో ఎన్ని రకాలుంటారో గైడమ్మకి తెలుసు. నీడ కోసం వచ్చేవాళ్ళు, ఫోటోల కోసం వచ్చేవాళ్ళు, ఇంట్లో పోరు పడలేక వచ్చేవాళ్ళు. ఒక్క చోట మాత్రమే చెవులు నిక్కబొడుచుకునే మనిషి ఏ రకమో ఆవిడకి తెలియలేదు. తెలియనిదాన్ని మంచిదనుకునే అలవాటు ఆవిడకి బొత్తిగా లేదు.

"గడప ఎత్తు, చూసి రండి," అంటూ గుంపుని తూర్పు ద్వారం కిందికి తెచ్చింది. లోపలికి వెళ్తుంటే ఎడమచేతి వైపు గోడలో, నడుము ఎత్తులో, ఒక ఇటుక ఉంది. చుట్టూ ఉన్నవన్నీ ఎర్రగా గరుకుగా ఉంటే అదొక్కటే నల్లగా నున్నగా మెరుస్తుంది. దాని మీద చిన్న అరచెయ్యి గుర్తు. వేళ్ళు విడివిడిగా, బొటనవేలు కాస్త లోతుగా.

"ఈ ఊరికి ఈ పేరెలా వచ్చిందని అందరూ అడుగుతారు," అని మొదలుపెట్టింది గైడమ్మ. "ఈ గోడ కడుతున్న రోజుల్లో, కట్టింది కట్టినట్టు కూలిపోయేదట. ఇటుకలు చేసేవాళ్ళింట్లో ఒక ఆడపిల్ల ఉండేది. అందరూ తలలు పట్టుకుని కూర్చుంటే, ఆ పిల్ల ఒక పచ్చి ఇటుక మీద చెయ్యి ఆనించి, 'ఇక నిలబడు' అందట. అది పెట్టాక గోడ నిలబడింది. రాజు ఆ పిల్ల పేరే ఊరికి పెట్టాడు. ఒక్కో భాష వాళ్ళ నోట్లో పడి ఒక్కోలా తిరిగింది గానీ, అన్ని పేర్లకీ మూలం ఈ పిల్లే. రండి, చెయ్యి పెట్టి చూడండి."

అందరూ వరసగా చెయ్యి పెట్టారు. గొడుగు మనిషి వంతు వచ్చింది. అతను చెయ్యి పెట్టలేదు. జేబులోంచి చిన్న స్కేలు తీసి, అరచెయ్యి పొడవు కొలిచాడు. తరవాత వెడల్పు కొలిచాడు. "ఈ కథ మీకు ఎవరు చెప్పారు?" అని అడిగాడు, మెత్తగా.

"పెద్దవాళ్ళు చెప్పారండీ," అని, గైడమ్మ గుంపుని గబగబా మెట్లవైపు నడిపించింది.

ఏ పెద్దవాళ్ళూ చెప్పలేదు. ఒకసారి మండే ఎండలో ఒక పసిపిల్ల నడవనని మొండికేసి ఏడుస్తుంటే, దాని చెయ్యి తీసి ఆ గుర్తులో పెట్టి, నోటికొచ్చిన కథ చెప్పింది. పిల్ల ఏడుపు మానింది. పిల్ల తల్లి కళ్ళు తుడుచుకుంది. అంత బాగా పనిచేసిన కథని ఎవరు వదులుకుంటారు? చెప్పగా చెప్పగా ఆ ఇటుక నున్నబడింది, కథ కూడా నున్నబడింది.

గైడ్లలో ఇది వింతేమీ కాదు. ఊరి పేరు రాజుగారి గుర్రం వల్ల వచ్చిందని ఒకరు, ఏటి వల్ల వచ్చిందని ఇంకొకరు చెబుతారు. ఎవరి కథ వాళ్ళది. గొడవలు రాకుండా వాళ్ళలో వాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. ద్వారం దగ్గర రెండు గుంపులు కలిస్తే, ఒక గైడు కథ చెబుతున్నంతసేపూ రెండో గైడు గోడవైపు తిరిగి, దూరంగా నిలబడాలి. వినకూడదు, విన్నా ముఖం కనిపించనివ్వకూడదు. ఒకడి పెదవి విరుపు ఇంకొకడి కథని చంపేస్తుందని పాతవాళ్ళు పెట్టిన పద్ధతి అది. 

ఆ రోజు కూడా ఆవిడ కథ చెబుతున్నంతసేపూ ఒకాయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తెలీదు బాబాయి. గైడ్లందరిలోకీ పెద్దవాడు. ఊరి పేరుకి అర్థమేమిటని ఎవరడిగినా "తెలీదు" అంటాడని ఆ పేరు అతుక్కుపోయింది. మిగతావాళ్ళు కట్టుబాటు కోసం తిరిగితే, బాబాయి మాత్రం ఆవిడ కథని చీదరించుకుని తిరుగుతాడని గైడమ్మకి ఎప్పటినుంచో అనుమానం. ఆయన వీపు చూస్తే చాలు, ఆవిడకి ఒళ్ళు మండేది. తెలీదన్న మనిషి దగ్గర గుంపు అంతసేపు ఎందుకు నిలబడుతుంది? తెలీదనడానికి ఎంతసేపు కావాలి? తన వీపు వెనక ఆయన ఇంకేదో చెబుతున్నాడు. తనని చూపించి నవ్విస్తున్నాడేమో!

గుంపుని సాగనంపి వస్తుంటే టికెట్ల మనిషి కిటికీలోంచి పిలిచాడు. "విన్నావా గైడమ్మా? పైనుంచి ఒకాయన దిగాడట. పొద్దున ఒక గైడు ఒకటి, మధ్యాహ్నం ఇంకో గైడు ఇంకోటి చెప్పారని ఎవరో ఫిర్యాదు చేశారట. ఇకమీదట ఊరి పేరుకి ఒకటే కథ. గురువారం అందరికీ పరీక్ష. సొంత కవిత్వాలు అల్లేవాళ్ళ బిళ్ళ పీకేస్తారట."

గైడమ్మ చెయ్యి దానంతట అదే జాకెట్టు భుజం మీది ఇత్తడి బిళ్ళ మీదికి వెళ్ళింది. ఆ బిళ్ళ లేకపోతే కోటలో నోరు విప్పే హక్కు లేదు. "ఎవరు చేశారు ఫిర్యాదు?"

"నాకేం తెలుసు? అయినా ఎవరేం చెబుతున్నారో బయటివాళ్ళకి అంత వివరంగా ఎలా తెలుస్తుంది, లోపలివాళ్ళు ఉప్పందించకపోతే?"

టీ బడ్డీ దగ్గర, బల్ల మీద, గొడుగు మనిషి పక్కన తెలీదు బాబాయి కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకుంటున్నారు. గైడమ్మ కనబడగానే బాబాయి మాట ఆపేసి, గ్లాసులోకి చూడడం మొదలుపెట్టాడు.

ఆవిడకి ఇంకేం కావాలి!

భర్త దుకాణం బజారు మూలమీద ఉంది. తాళాలు బాగుచేస్తాడు. గైడమ్మ వెళ్ళేసరికి ఒక తాళంచెవిని పట్టకారులో బిగించి పళ్ళు ఆకురాయితో రాస్తున్నాడు. రాసి, ఊది, వెలుతురులో పెట్టి చూసి, మళ్ళీ రాస్తున్నాడు.

"ఆ ముసలాడు నా కొంప ముంచాడు," అంది స్టూలు లాక్కుని కూర్చుంటూ.

"ఏ ముసలాడు?"

"ఇంకెవరు, బాబాయి. పైనుంచి వచ్చినవాడికి నా కథంతా మోసేశాడు. నేను చూశాను. నన్ను చూసి మాట మింగేశాడు."

"టీ మింగాడేమో."

"నీకు నవ్వులాటగా ఉంది. ఆ పైనుంచి వచ్చినవాడు గొడుగు చంకలో పెట్టుకుని నా వెనకే తిరుగుతున్నాడు."

భర్త ఆకురాయి ఆపాడు. "నల్ల గొడుగా? చువ్వ విరిగిన గొడుగా?"

గైడమ్మ స్టూలు మీంచి లేచింది. "నీ దగ్గరికి కూడా వచ్చాడా?"

"మొన్న వచ్చాడు, చువ్వ వేయించుకోడానికి."

"ఏమడిగాడు? నువ్వేం చెప్పావు?"

"చువ్వ విరిగింది అన్నాను."

"అది కాదయ్యా! నా గురించి?"

"మీ ఆవిడేం చేస్తుందన్నాడు. గైడన్నాను. కథలు బాగా చెబుతుందటగా అన్నాడు. ఇంట్లో అంతకంటే బాగా చెబుతుందన్నాను."

ఆవిడ తల పట్టుకుంది. ఆ పిల్లా ఇటుకా కథ తన కల్పన అని ఈ భూమ్మీద తెలిసిన మనిషి ఈయనొక్కడే. ఆ రోజు ఇంటికొచ్చి పొంగిపోతూ తనే చెప్పింది. కట్టుకున్నవాడిని అనుమానించడం తప్పని తెలుసు, అయినా అనుమానించకుండా ఉండలేకపోయింది. ఆయన కళ్ళలోకి చూసింది. ఆయన తాళంచెవి వైపు చూస్తున్నాడు. అమాయకత్వమో, నటనో అంతుపట్టలేదు.

"నేను కల్పించానని అనలేదు కదా?"

"ఇదిగో, చూడు," అన్నాడాయన తాళంచెవి చూపిస్తూ. "దీనికి ఒక పన్ను ఎక్కువ రాస్తే ఇక తలుపు తియ్యదు. నువ్వు కూడా అంతే. ఆ అనుమానాన్ని మరీ ఎక్కువ రాయకు. బాబాయి అలాంటివాడు కాదు. నువ్వు కోటలో చేరిన కొత్తల్లో మెట్లు ఎక్కడెక్కడ విరిగున్నాయో చూపించింది ఎవరు?"

"అదే నేనూ అంటున్నాను. మెట్లు చూపించినవాడికి తొయ్యడం కూడా తెలుస్తుంది."

భర్త తాళంచెవిని మళ్ళీ పట్టకారులో బిగించాడు. ఆకురాయి చప్పుడు మొదలైంది. గైడమ్మ లేచి ఇంటికి పోతూ, గురువారం నాడు అడిగితే ఏం చెప్పాలో నోట్లోనే అనుకోసాగింది. మా అమ్మమ్మ చెప్పింది. కాదు, మా అత్తగారు. అత్తగారైతే నయం, పోయింది కాబట్టి ఎవరూ వెళ్ళి అడగలేరు.

పరీక్ష పాత మందుగుండు గదిలో పెట్టారు. బల్ల వెనక గొడుగు మనిషే కూర్చున్నాడు. గొడుగు కుర్చీకి తగిలించి ఉంది. గైడమ్మకి తను అనుమానించిందే నిజమైనందుకు ఒక పక్క భయం, ఇంకో పక్క తృప్తి కలిగాయి.

"కూర్చోండమ్మా. మీ గురించి చాలా విన్నాను."

'వింటావు, ఎందుకు వినవు,' అనుకుందావిడ. అత్తగారిని సిద్ధంగా పెట్టుకుంది.

అతను అచ్చు వేసిన ఒక కార్డు ముందుకు జరిపాడు. "చదవండి."

చదివింది. ఇటుకలు చేసేవాళ్ళ పిల్ల. కూలిపోయే గోడ. 'ఇక నిలబడు.' రాజు. అంతా తన కథే. చివరికి 'నిలబడు' ముందు తను తీసుకునే ఊపిరికి కూడా ఒక గీత పెట్టారు.

"ఇకమీదట ఇదే," అన్నాడతను, మురిసిపోతూ. "ద్వారం దగ్గర రాతిమీద కూడా చెక్కిస్తున్నాం. మీకు తెలియదమ్మా, ఈ పేరుతో నేనెంత వేగానో. కొండవాళ్ళ భాషలో ఒక పేరు, పడవలవాళ్ళ భాషలో ఇంకోటి, గుర్రాల వర్తకుల భాషలో వేరొకటి. ఒకదానితో ఒకటి కలిసి చావదు. పుస్తకాలు తిరగేసి తిరగేసి జుట్టు ఊడింది. మీ కథతో చిక్కు వీడిపోయింది. మనిషి పేరైతే దానికి అర్థం వెతకక్కర్లేదు కదా! ఎవరి నోటికొచ్చినట్టు వాళ్ళు తిప్పుకున్నారు. అంతే."

"అది... ఊరికే చెప్పుకునే కథండీ."

"నేనూ అలాగే అనుమానపడ్డాను. ఒక్కరు చెబితే రాతిమీద ఎక్కించలేం. అందుకే వారమంతా ఇంకో సాక్ష్యం కోసం తిరిగాను. దొరికింది. ఒక పెద్దాయన తన చిన్నతనంలో వాళ్ళమ్మమ్మ దగ్గర ఈ కథే విన్నానని చెప్పాడు. చెయ్యి గుర్తుతో సహా."

గైడమ్మ కార్డు మళ్ళీ చదివింది. తను కొన్నేళ్ళ కిందట అల్లిన కథని ఆయనెవరో చిన్నతనంలో ఎలా విన్నాడు? ఎవడా అబద్ధాలకోరు? ఎందుకాడాడు? ఇందులో ఏదో ఉచ్చు ఉందనిపించింది. అయినా కార్డు తీసుకుంది. బిళ్ళ భుజం మీదే ఉంది. దండం పెట్టి బయటపడింది.

తరవాత తెలీదు బాబాయి లోపలికి వెళ్ళాడు. గైడమ్మ బయట గోడకి ఆనుకుని, చెప్పు పట్టీ సర్దుకునే వంకతో నిలబడిపోయింది. తలుపు పాతది, మాటలు వినబడుతున్నాయి.

"పెద్దాయనా, మీకైతే కార్డు చదవక్కర్లేదు. ఊరికి ఆ పేరెలా వచ్చింది? సందర్శకులకి చెప్పినట్టు చెప్పండి."

"తెలీదండీ."

"అదేమిటి, మొన్న మీరే కదా..."

"మీరడిగితే మీకు చెప్పాను. సందర్శకులకి చెప్పినట్టంటే, వాళ్ళకి నేను తెలీదనే చెబుతాను."

కార్డు జరిపిన చప్పుడు, మళ్ళీ వెనక్కి జరిపిన చప్పుడు. బాబాయి బయటికి వచ్చినప్పుడు ఆయన చొక్కా మీద బిళ్ళ ఉన్నచోట రెండు చిన్న చిల్లులు మాత్రం ఉన్నాయి. గైడమ్మని చూసి తల ఊపి, ఎప్పుడూ నడిచినంత నెమ్మదిగానే మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ పెద్దాయన బాబాయే అని గైడమ్మకి అప్పుడు తెలిసింది. తనమీద మోశాడనుకున్న మనిషి తన కథని మోశాడు.

ఆ మధ్యాహ్నమే ఆయన గదికి వెళ్ళింది. బట్టలకి రంగులద్దేవాళ్ళ ఇంటి వెనక, మెట్ల కింద గది. బాబాయి గుమ్మంలో కూర్చుని తెల్ల కాన్వాసు బూట్లకి తడిపిన సుద్ద పూస్తున్నాడు. బొటనవేలి దగ్గర అరిగిన చోట రెండో పూత వేస్తున్నాడు. ఉద్యోగం ఊడిన పూట బూట్ల సోకేమిటని, ఇంత జరిగాక కూడా, ఆవిడ మనసు ఒక్క క్షణం అనుమానపడింది.

"ఎందుకు చెప్పావు బాబాయ్, విన్నానని?"

"కూర్చో. ఆ రంగు తగులుద్ది, ఇటు జరుగు." సుద్ద గిన్నె పక్కకి పెట్టాడు. "ఆ గొడుగాయన, 'ఆవిడ సొంతంగా అల్లిందా' అని అడిగాడమ్మా. అల్లిందంటే నీ బిళ్ళ పీకేస్తాడు. తెలీదంటే, అల్లిందన్నట్టే. ఏం చెయ్యను? మా అమ్మమ్మ చెప్పిందన్నాను. ఆవిడ నన్ను నీళ్ళు పోసుకోమని తిట్టడం తప్ప ఏ కథా చెప్పలేదు, పాపం."

"రాతిమీద చెక్కుతారని నీకు తెలుసా?"

"తెలిస్తే చెప్పేవాణ్ణా? అక్కడితో పోతుందనుకున్నాను. పప్పులో కాలేశాను."

"పోనీ ఇవాళ కూడా అదే అనేస్తే అయిపోయేదిగా? నాలుగు ముక్కలు!"

"గొడుగాయన ఒక్కడు, నీకోసం ఒక్కసారి. పద్దాకా వచ్చేపోయేవాళ్ళ ముఖంలోకి చూసి చెప్పాలంటే నా నోరు తిరగదమ్మా. నీది తప్పని కాదు. నీకు చేతనవును, నాకు చేతకాదు." బూటు ఎత్తి వెలుగులో చూసుకున్నాడు. "కోటలో తప్ప ఇంకెక్కడా నడవడం కూడా నా కాళ్ళకి రాదు. అదొక్కటే దిగులు."

ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడుపుతోపాటు కోపం, తనమీద తనకే. అక్కణ్ణుంచి తిన్నగా మందుగుండు గదికి వెళ్ళింది. గొడుగు మనిషి సామాను సర్దుకుంటున్నాడు.

"సార్, ఆ కథ నేనే కల్పించాను. ఒక పిల్ల ఏడుస్తుంటే ఊరుకోబెట్టడానికి చెప్పాను."

అతను నవ్వాడు. పరమ దయగా నవ్వాడు. "కల్పించానని మీరనుకుంటున్నారమ్మా. చిన్నప్పుడెక్కడో విని మరిచిపోయి ఉంటారు. లేకపోతే ఆ పెద్దాయన అన్నేళ్ళ కిందట ఎలా వింటాడు?"

"ఆయన వినలేదు సార్."

"అంటే అబద్ధమాడాడా?" నవ్వు ఆగిపోయింది. "చూడండి. కార్డు చెప్పలేకపోయాడు కాబట్టి బిళ్ళ తీసుకున్నాం, అంతే. టికెట్టు కొనుక్కుని రావచ్చు, పోవచ్చు. దొంగ సాక్ష్యం చెప్పాడని తేలితే మాత్రం ఆ గడప తొక్కనివ్వరు. చెప్పండి, ఆడాడా?"

నిజం చెబితే ముందు మునిగేది బాబాయే. "తెలీదండీ," అంది గైడమ్మ చివరికి. ఆ మాట ఆవిడ నోట రావడం అదే మొదటిసారి. అది కూడా అబద్ధమే అయింది.

మర్నాడు పొద్దున్నే గుంపు సిద్ధంగా ఉంది. పిల్లలతో ఒక కుటుంబం, ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, మెడలో దుర్భిణి వేసుకున్న ఒక పెద్దావిడ. వాళ్ళ చివర, చేతిలో టికెట్టు ముక్కతో, తెల్లటి బూట్లతో, తెలీదు బాబాయి నిలబడ్డాడు.

గైడమ్మ ఆ టికెట్టు ముక్కవైపు చూసింది. ఎందుకొచ్చాడు? తను కార్డు చదవడం వినడానికా? నలుగురిలో నిలదియ్యడానికా? ధాన్యపు కొట్ల దగ్గర కొలతలు తడబడింది. నీళ్ళ తొట్టి దగ్గర మెట్ల లెక్క తప్పు చెప్పింది. విరిగిన మెట్టు వచ్చినప్పుడల్లా బాబాయి పెద్దావిడకి చెయ్యి అందించాడు, అంతే.

తూర్పు ద్వారం కిందికి వచ్చారు. కాస్త దూరంలో రాయి చెక్కేవాళ్ళు పలకని ఇసుకలో పడుకోబెట్టి సుద్దతో గీతలు కొడుతున్నారు. గైడ్లు కార్డు చెబుతున్నారో లేదో చూడమన్నారేమో, టికెట్ల మనిషి కిటికీ వదిలి వచ్చి కమాను పక్కన నిలబడ్డాడు.

"ఈ ఊరికి ఆ పేరెలా వచ్చిందండీ?" అని అడిగింది కాలేజీ అమ్మాయి.

గైడమ్మ కార్డు పైకెత్తింది. అదే క్షణంలో బాబాయి, అలవాటు చొప్పున, గోడవైపు తిరిగాడు. బిళ్ళ లేదు, పని లేదు, అయినా కట్టుబాటు కట్టుబాటే. ఎప్పుడూ ఒళ్ళు మండించే ఆ వీపు ఇవాళ చాలా సన్నగా కనబడింది. చీదరింపు ఎక్కడుందా అని వెతికింది. లేదు. ఎప్పుడూ లేదేమో.

కార్డు కిందికి దించింది. "నాకంటే పెద్దవాళ్ళున్నారు, ఆయన్ని అడగండి," అంది.

"గైడమ్మా!" అన్నాడు టికెట్ల మనిషి. "బిళ్ళ లేకుండా మాట్లాడకూడదు. తెలిసి కూడా..."

"టికెట్టు కొన్న మనిషి పక్క మనిషితో మాట్లాడకూడదని ఎక్కడైనా ఉందా? అయితే ముందు ఆ పిల్లల నోళ్ళు ముయ్యి."

కుటుంబం నవ్వింది. టికెట్ల మనిషి గొణుక్కున్నాడు. బాబాయి ఇటు తిరిగి, ఒకసారి గైడమ్మని చూసి, అమ్మాయివైపు తిరిగాడు. ఇప్పుడు గోడవైపు తిరగాల్సింది గైడమ్మ. సగం తిరిగింది కూడా. ఇన్నేళ్ళూ తిరుగుతూనే ఉంది కదా, అందుకే ఆయన ఏం చెబుతాడో ఆవిడకి ఒక్క ముక్క తెలియదు. ఆగి, వెనక్కి తిరిగి, ఎదురుగా నిలబడింది.

"తెలీదమ్మా," అన్నాడు బాబాయి. "మీ ఇంట్లో ఈ ఊరిని ఏమంటారు?"

అమ్మాయి చెప్పింది.

"కొండవాళ్ళన్నమాట మీరు. మీ భాషలో దానికి పొగ అని అర్థం కదూ? అంత పైనుంచి చూస్తే పొయ్యిల పొగ తప్ప ఊరు కనబడదు. మీరేమంటారు బాబూ? ఓహో, అది పడవలవాళ్ళ మాట, మలుపు అని. ఇక్కడికొచ్చేసరికి తెరచాప దించాలి. గుర్రాలమ్మేవాళ్ళు పెట్టిన పేరుకి కాచుకోవడం అని అర్థం. సుంకం కట్టేదాకా ఈ ద్వారం బయటే నిలబెట్టేవాళ్ళట. యుద్ధానికొచ్చి ముట్టడించినవాళ్ళు దాహం అన్నారు. బావులన్నీ లోపలున్నాయి మరి. ఎవరు ఎక్కడ నిలబడి చూస్తే వాళ్ళకి అదే పేరు. లోపల కాపురమున్నవాళ్ళు ఏమని పిలుచుకున్నారో, అది మాత్రం తెలీదు. ఇల్లు అనుకుని ఉంటారు."

బాబాయి నల్ల ఇటుక దగ్గరికి వెళ్ళి, దాన్ని తాకకుండా చూపించాడు.

"ఈ చెయ్యి ఎవరిదో కూడా తెలీదు. ఎవరో ఒకరిది. తడి ఆరకముందు పెట్టారు. నేను దీని పక్కనుంచి జీవితమంతా నడిచాను, నాకు కనబడలేదు. మా గైడ్లలో ఒక అమ్మాయి ఉంది, తనొచ్చాక చూపించింది. కళ్ళున్న పిల్ల."

"పోయినసారి కూడా అచ్చం ఇదే అన్నారు!" అంది దుర్భిణి పెద్దావిడ. "'అదిగో గోడవైపు తిరిగి నిలబడింది, ఆ పిల్లే' అని వెనకనుంచి చూపించారు కూడా. ఆ అమ్మాయిని చూడాలని మళ్ళీ వచ్చాను. ఎక్కడుంది?"

గైడమ్మ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బాబాయివైపు చూసింది. ఆయన సిగ్గుపడుతూ బూట్లవైపు చూసుకుంటున్నాడు.

"ఇదంతా సార్‌కి చెప్పాల్సొస్తుంది," అన్నాడు టికెట్ల మనిషి, కాస్త ఇబ్బందిగా. "నీ బిళ్ళ కూడా పోతుంది. ఇప్పటికైనా ఆ కార్డు చదివెయ్యి. చదివావని చెబుతాను."

పక్కన రాయి చెక్కేవాళ్ళు మొదటి దెబ్బ కొట్టారు. కాలేజీ అమ్మాయి గైడమ్మవైపు తిరిగి, "మీరు చెప్పండి మేడమ్. నిజంగా ఎలా వచ్చింది ఆ పేరు?" అంది.

ఇంకో గైడు నోరు విప్పబోతోందని బాబాయి మళ్ళీ గోడవైపు తిరిగాడు.

"బాబాయ్, ఇటు తిరుగు," అంది గైడమ్మ. "నువ్వు కూడా విను."

ఆయన తిరిగేదాకా ఆగింది. కార్డుని రెండుగా మడిచింది. ఆ తరవాత, గుంపుకీ, టికెట్ల మనిషికీ, ఉలి పట్టుకున్నవాళ్ళకీ అందరికీ వినబడేట్టు, కథ చెప్పినంత గట్టిగా చెప్పింది.

"తెలీదు."